సశేషం దగ్గర ఆగిపోయిన మనిషి

మా అత్తయ్యగారు పోలీస్ స్టేషన్లో ఉన్నారని ఫోన్ వచ్చేసరికి నేను పదో తరగతికి త్రికోణమితి చెబుతున్నాను. చాక్‌పీసు బల్ల మీద పడేసి, హెడ్మాస్టరుగారికి ఒక మాట చెప్పి, బండి తీశాను. ఎస్సై కుర్రవాడే గానీ మర్యాదస్తుడు. ఆవిడకి కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించాడు. నన్ను పక్కకి పిలిచాడు.

"మాస్టారూ, పెద్దావిడ హత్య జరగబోతోందని కంప్లయింట్ ఇస్తున్నారండీ. విషం కలిపేదెవరో, తాగేదెవరో పేర్లతో సహా చెబుతున్నారు. అడ్రసు అడిగితే మాత్రం తెలీదంటున్నారు," అన్నాడు.

ఆ పేర్లు నాకు తెలుసు. తెనాలిలో సగం మందికి తెలుసు. విషం కలిపేది నాగరత్నం, తాగబోయేది పావని. ఇద్దరూ 'నట్టింటి నిప్పు' అనే టీవీ సీరియల్లో తోడికోడళ్లు.

ఎస్సై నవ్వు ఆపుకుంటున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా గంగానమ్మపేట నుంచి ఎండలో నడిచి వచ్చేశారు. గుండెకి స్టెంటు వేసిన మనిషి. "మీరన్నా చెప్పండి అల్లుడుగారూ. ఆ పిల్ల కడుపుతో ఉంది," అన్నారు నా చెయ్యి పట్టుకుని.

ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాను. తలుపు దగ్గర నిలబడి ఆవిణ్ణి చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే కిందటి నెల దాకా ఈ భూమ్మీద నాగరత్నానికి ఆవిడని మించిన అభిమాని లేదు.

సీరియల్ చూసే ఆడవాళ్లంటే మనకో చులకన ఉంది కదా. నాకూ ఉండేది. మా అత్తయ్య సామ్రాజ్యంగారు దాన్ని పోగొట్టారు. ఆవిడ సీరియల్ చూడరు, నటన చూస్తారు. కథ ఎటుపోతోందో ఆవిడకి పెద్దగా పట్టదు. కళ్లు తుడుచుకుంటూనే, "చూశారా అల్లుడుగారూ, ఎడమ కన్ను ముందు తడిసింది. గ్లిజరిన్ అయితే రెండూ ఒకేసారి తడుస్తాయి," అనేవారు. నాగరత్నం తిడుతుంటే, "చూశారా, ముఖంలో కోపమే లేదు, అంతా ఆ కొంగు దోపుకోవడంలో పెట్టింది," అనేవారు. నాకా, సినిమాహాల్లో ఏసీ బాగుందా లేదా అన్నంతవరకే తెలుసు. అయినా రోజూ ఆవిడ పక్కన కూర్చునేవాణ్ణి. తెర మీద జరిగేదానికంటే ఆ "చూశారా" నాకు ఎక్కువ బాగుండేది.

నాగరత్నం వేషం వేసేది గోవాడ మంజులవాణి. టీవీకి రాకముందు ఆవిడ పద్యనాటకాలు ఆడేది. అత్తయ్యగారు కొత్త పెళ్లికూతురుగా ఉన్నప్పుడు ఒక తిరునాళ్లలో మంజులవాణి రాణి వేషం కట్టి, విషం తాగి, పద్యం పాడి చచ్చిపోయిందట. మగవాళ్ల వైపు అంతా గుడ్లప్పగించి కూర్చుంటే, ఆడవాళ్ల వైపు నుంచి అత్తయ్యగారు లేచి "వన్స్ మోర్" అని అరిచేశారట. వాళ్లత్తగారు తొడపాశం పెట్టేసరికి కూలబడ్డారట. కానీ అడిగితే లేవాల్సిందే, అది నాటకాల పద్ధతి. చచ్చిపోయిన రాణి లేచి, కొంగు సర్దుకుని, దణ్ణం పెట్టి, మళ్లీ పద్యం అందుకుని, మళ్లీ చచ్చిపోయింది.

"రెండోసారే ఎక్కువ ఏడ్చామండీ. చచ్చిపోలేదని కళ్లారా చూశాక కూడా," అనేవారు అత్తయ్యగారు.

నా భార్య వసుధ ఆ మాట వింటూ పెరిగింది. పెరిగి, మెదడు మీద పరిశోధన చేసే మనిషయింది. గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు ల్యాబులో తను కనిపెట్టిందేమిటంటే, మనం సినిమాలో ఎంత మునిగిపోయినా తలలో ఒక మూల చిన్న అలికిడి ఆగకుండా నడుస్తూ ఉంటుంది. ఇది నిజం కాదు, నిజం కాదు, అని. వసుధ దానికి 'ఎరుక' అని పేరు పెట్టింది. నుదుటికి కట్టుకునే ఒక పట్టీతో దాన్ని కాసేపు నిద్రపుచ్చవచ్చు. అది నిద్రపోతే చూసేవాడు కథలోనే ఉంటాడు. సినిమాలు తీసే కంపెనీ ఒకటి ల్యాబు వెనక నిలబడింది. పట్టీకి 'తన్మయి' అని పేరు పెట్టి, అమ్మకానికి అట్టపెట్టెలు కూడా చేయించి పెట్టుకున్నారు.

ముందు కాలేజీ కుర్రాళ్లకి కట్టి చూశారు. అందరూ సినిమా అయ్యాక ఒళ్లు విరుచుకుని, టీ తాగేలోపు మామూలుగా అయిపోయారు. "నాకు కట్టవే, అసలు చూడ్డమంటే ఏంటో నేను చూపిస్తా," అని అత్తయ్యగారు వసుధ ప్రాణం తీశారు. మెదడుకే గానీ గుండెకి దానితో సంబంధం లేదని వసుధ సరేనంది.

ఆ శనివారం నేనూ వెళ్లాను. కుర్చీలో కూర్చోబెట్టి, జడలో పూలు అడ్డొస్తున్నాయని పక్కకి జరిపి, పట్టీ కట్టారు. వసుధ ఒక పాత సినిమా పెట్టబోయింది.

"అది నేను చూసిందే. ఇవాళ నాగరత్నం పాయసం వండుతుంది, అది పెట్టు," అన్నారు అత్తయ్యగారు.

పెట్టారు. పక్కన తెర మీద రెండు గీతలు కదులుతున్నాయి, ఒకటి ఎరుకది, ఇంకొకటి కథలో మునకది. ఒకటి లేస్తే ఒకటి పడాలని వసుధ లెక్క. అత్తయ్యగారికి రెండూ పైనే నిలబడ్డాయి. అంతమందిలో ఎవరికీ అంత ఎత్తున లేవు. వసుధ ఆశ్చర్యపడి, ఎరుక దిగడంలేదని పట్టీ జోరు పెంచింది. మెల్లగా ఆ గీత నేలకి పరుచుకుంది. అత్తయ్యగారి నోట "చూశారా" ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నాకెందుకో నచ్చలేదు.

తెర మీద నాగరత్నం పాయసంలో పొడి కలిపింది. చెంచా పావని పెదాల దాకా తీసుకెళ్లింది. అక్కడ బొమ్మ ఆగిపోయి, కింద 'సశేషం' పడింది. అత్తయ్యగారు కుర్చీలోంచి ఎగిరి, "తాగకే తల్లీ," అంటూ రెండు చేతులతో టీవీని కొట్టారు.

పట్టీ విప్పేశారు. టీ తెచ్చారు. టీ చల్లారిపోయింది. గీత లేవలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో సుఖం లేదు. మర్నాటి నుంచి టీవీలో వచ్చే ఏ ముఖమైనా ఆవిడకి నిజమే. ప్రకటనలో తెల్లకోటు వేసుకున్నవాడు పళ్లపొడి మార్చమంటే మార్చేశారు. అది సరదాగానే ఉంది. సాయంత్రమయ్యేసరికి సరదా పోయేది. ఆ పాయసం గిన్నె పిల్లి తన్నేసింది, పావని బతికింది. వెంటనే మేడమెట్ల మీద నూనె పోశారు. మెట్లు తప్పాయి, గ్యాసు వచ్చింది; గ్యాసు తప్పింది, మళ్లీ విషం వచ్చింది. ప్రతిరోజూ చావు అంచున బొమ్మ ఆగిపోతుంది, ఆవిడ మర్నాటి దాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటారు. టీవీ తీసి అటకెక్కించాం. అది మరీ తప్పయింది. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో కూడా తెలియక తిండి మానేశారు. చివరికి పోలీసుల దగ్గరికి నడిచారు.

గుండె డాక్టరు మొహమాటపడకుండా చెప్పాడు. ఈ భయం ఇలాగే సాగితే ఆవిడ తట్టుకోలేరు. వారాల మాట కాదు, ఏ సాయంత్రమైనా కావచ్చు అన్నాడు.

వసుధ పైకి ధైర్యంగా తిరుగుతూ, వంటింట్లోకి వెళ్లి ఏడ్చేది. ఒకరోజు ఆ ఎర్రటి కళ్లతోనే వచ్చి, "నేను బాగానే ఉన్నానమ్మా, నువ్వేం దిగులు పెట్టుకోకు," అంది. అత్తయ్యగారు తల ఊపి, "అలాగేనమ్మా," అన్నారు. వసుధ గదిలోకి వచ్చి మంచం మీద కూలబడింది.

"నమ్మేసిందండీ," అంది. "నా చిన్నప్పటి నుంచి నేను బాగున్నానంటే ఒక్కసారి కూడా నమ్మలేదు. ముఖం చూసి పట్టేసేది. ఇప్పుడు నమ్మేసింది."

అదే సాయంత్రం ల్యాబు డైరెక్టరు సుదర్శనంగారు ఫోన్ చేశారు. ఓదార్పు మాటలు చెబుతారనుకున్నాను. ఆయన గొంతులో పండగ ఉంది. ఎరుక ఇన్నాళ్లు నిద్రపోవడం పెద్ద విజయమట, అది ఎలా నిలిచిందో తెలిస్తే ప్రకటనల వాళ్లు క్యూ కడతారట, వెంటనే అమ్మగారిని ల్యాబుకి పంపమన్నారు. వసుధ ఫోన్ కట్టేసి, ఇంట్లో ఉన్న పట్టీని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆయన వదల్లేదు. రోజూ చేస్తూనే ఉన్నారు.

కారణం దొరికింది మాత్రం ఒక మామూలు మాట దగ్గర. కుర్రాళ్లకి ఏం చూపించారని నేను అడిగాను. సినిమాలే, అంది వసుధ. పూర్తిగానా? పూర్తిగానే. అంటూనే నా వంక చూసింది.

"వాళ్లందరికీ శుభం కార్డు పడింది. కథ అయిపోయిందని చెబితే ఎరుక లేస్తుంది. అమ్మకి సశేషం పడింది. అది ఇంకా నిద్రలోనే ఎదురుచూస్తోందండీ."

ఆ సీరియల్‌కి శుభం పడాలంటే మా ఇద్దరి జీవితకాలం చాలదు. బాగా ఆడుతున్నదాన్ని ఎవడు ఆపుతాడు? నిర్మాతకి ఫోన్ చేస్తే నవ్వి పెట్టేశాడు. వేరే సినిమా శుభం చూపిస్తే పనిచెయ్యలేదు, అది ఈ కథకి ముగింపు కాదు కదా. మిగిలింది ఒక్కటే దారి. వసుధ ఎవరెవరినో పట్టుకుని మంజులవాణి నంబరు సంపాదించింది. మంజులవాణి అంతా వింది.

"తిరునాళ్లలో ఆడవాళ్ల వైపు నుంచి అరిచిందా మీ అమ్మ?" అని అడిగిందట చివరికి. "నా జన్మలో ఆడమనిషి గొంతుతో వన్స్ మోర్ విన్నది ఆ ఒక్కసారే. వస్తానమ్మా. ఆవిడ ఎదురుగా నాగరత్నాన్ని చంపేస్తా. చావడం నాకు బాగా వచ్చు."

అనుకున్నది ఇది. నాగరత్నం పశ్చాత్తాపంతో మా ఇంటికి వచ్చి, విషం కలిపిన పాయసం తనే తాగి చచ్చిపోతుంది. పావనికి ప్రమాదం పోతుంది. కథ ముగుస్తుంది. ఎరుక లేస్తుంది. ఒకవేళ లేవకపోతే ఏమవుతుందో మేం ఇద్దరం పైకి అనుకోలేదు. ఆ అదురుకి ఆవిడ గుండె ఆగిపోవచ్చు. డాక్టరుగారి కాంపౌండరుని, మందుల పెట్టెని వరండాలో కూర్చోబెట్టాం. పాయసం నేనే వండాను. పక్షవాతం రాకుండా చూసే పట్టీ అని అబద్ధం చెప్పి వసుధ అత్తయ్యగారి నుదుటికి గీతలు చూపే భాగం మాత్రం కట్టి, గుండె వేగం చూపేది ఒకటి మణికట్టుకి తగిలించింది. ఆవిడ అది కూడా నమ్మేశారు.

మధ్యాహ్నం కారు ఆగింది. మంజులవాణి దిగింది. కాదు, నాగరత్నమే దిగింది. అదే ముదురు ఆకుపచ్చ చీర, అదే పెద్ద బొట్టు. అత్తయ్యగారు చూశారు. వంటింట్లోకి పరుగెత్తి పచ్చడిబండ పట్టుకొచ్చి, వసుధ ముందు నిలబడ్డారు.

"నా కూతురి జోలికొచ్చావంటే తల పగలగొడతాను," అన్నారు.

నాగరత్నం బల్ల మీద నేను పెట్టిన పాయసం గిన్నె తీసుకుంది. గిన్నె పట్టుకుని, గోడ వారగా నేల మీద కూర్చుంది. సీరియల్లో వాయించే డప్పులు లేవు, ముఖం మూడుసార్లు చూపించడాలు లేవు. చాలా మామూలు గొంతుతో మొదలుపెట్టింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచి తిన్నావా అని తనని ఎవరూ అడగలేదంది. అడిగించుకోవడం కోసం మొదట అలిగానని, తర్వాత అరిచానని, ఆ తర్వాత అరవడం ఒక్కటే మిగిలిందని చెప్పింది. చెబుతూ చెబుతూ పాయసం తినసాగింది, ఆకలేసిన చిన్నపిల్ల తిన్నట్టు. గిన్నె ఖాళీ అయింది. మూతి తుడుచుకోవడానికి కొంగు కోసం చెయ్యి వెతికింది. కొంగు ఒళ్లోనే ఉంది. చెయ్యి దాన్ని దాటిపోయి, నేల మీద వెతికింది, మళ్లీ వెతికింది, ఆగిపోయింది. మనిషి పక్కకి ఒరిగిపోయింది.

అందులో సేమ్యా, పాలు, పంచదార తప్ప ఇంకేం లేవని నాకు తెలుసు. వండింది నేనే. అయినా నా చెయ్యి నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యడానికి జేబులోకి వెళ్లిపోయింది. కళ్ల నిండా నీళ్లు. అంతకాలం సినిమాహాళ్లలో నిద్రపోయిన మనిషిని నేనేనా అనిపించింది.

పచ్చడిబండ కింద పడింది. అత్తయ్యగారు ఆవిడ తల ఒళ్లోకి తీసుకుని, "అయ్యో తల్లీ, నేనడిగేదాన్ని కదే, తిన్నావా అని నేనడిగేదాన్ని కదే," అని గుండెలు బాదుకున్నారు. నేను వసుధ చేతిలో తెర వంక చూశాను. ఎరుక గీత నేల మీదే పడి ఉంది. గుండె గీత పిచ్చిపట్టినట్టు గంతులేస్తోంది.

"లేవలేదండీ," అంది వసుధ పెదాలతోనే.

అత్తయ్యగారి ముఖం చెమటతో తడిసిపోయింది. ఏడుపు ఎక్కిళ్లయింది, ఎక్కిళ్ల మధ్య ఊపిరి అందడం లేదు. కథ అయిపోయింది, కానీ ఆవిడ కథలోనే ఉండిపోయారు, పైగా చేతుల్లో శవంతో. మంజులవాణి కదలడం లేదు. తనంతట తను లేస్తే శవం లేచినట్టే, ఆ భయానికి అత్తయ్యగారు ఉన్నపళంగా పోతారు. లేవకపోతే ఈ ఏడుపుకి పోతారు. కాంపౌండరు పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేశాడు.

చచ్చినవాళ్లు లేవాలంటే ఎవరో అడగాలి. ఆ సంగతి నాకు ఎక్కడి నుంచి తట్టిందో తెలియదు. నా ప్రాణంలో ఉన్న భయమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాను.

"వన్స్ మోర్!"

వసుధ నన్ను కొట్టబోయింది. అత్తయ్యగారు అదిరిపడి తలెత్తారు. ఒళ్లో శవం కళ్లు తెరిచింది. లేచింది. కొంగు సర్దుకుంది. మా వైపు తిరిగి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి, మళ్లీ గోడ వారకి వెళ్లి, ఖాళీ గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అత్తయ్యగారు అలాగే ఉండిపోయారు, గుండె మీద చెయ్యి, తెరిచిన నోరు. ఊపిరి ఉందో లేదో కూడా తెలియలేదు. నేను ముందుకి వెళ్లబోతే వసుధ నా చొక్కా పట్టుకుని ఆపింది.

నాగరత్నం మళ్లీ మొదలుపెట్టింది. తిన్నావా అని తనని ఎవరూ అడగలేదంది. అలిగానంది. అరిచానంది. లేని పాయసం తింది. అత్తయ్యగారి కళ్లలోంచి మళ్లీ నీళ్లు కారసాగాయి, కానీ ఎక్కిళ్లు లేవు. కాంపౌండరు అడ్డం రాబోతే ఎడమ చేత్తో పక్కకి తప్పుకోమన్నారు, చూపు తిప్పకుండానే. చెయ్యి కొంగు కోసం వెతకడం మొదలైంది.

"చూశారా," అన్నారు అత్తయ్యగారు మెల్లగా. "చూశారా అల్లుడుగారూ, కొంగు ఒళ్లోనే ఉంది. చేతికి కళ్లు పోయాయి."

నేను చూడలేదు. నేను గీత చూస్తున్నాను. అది నేల మీంచి లేచి, తడబడి, ఇంకా లేచి, ఆ మొదటి శనివారం నిలబడ్డ చోటికి వెళ్లి నిలబడింది. మునక గీత దాని పక్కనే ఉంది. రెండూ ఒకే ఎత్తున ఉన్నాయి.

నాగరత్నం రెండోసారి చచ్చిపోయింది. అత్తయ్యగారు చప్పట్లు కొట్టారు, ఏడుస్తూనే కొట్టారు. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, పడుకున్న మనిషిని చూసి, "మొదటిసారే బాగా చేశావమ్మా. ఇప్పుడు పడేటప్పుడు దెబ్బ తగలకుండా మోచెయ్యి ఆనించావు," అన్నారు. శవం పకపకా నవ్వింది.

అప్పుడే వసుధ ఫోన్ మోగింది. దాని మీద సుదర్శనంగారి పేరు. ఇకనుంచి ఈ ఫోన్ తనకి అక్కర్లేదన్నట్టు వసుధ కట్టేసి సోఫాలో పడేసింది.

"ఎవరే?" అన్నారు అత్తయ్యగారు.

"ఎవరో కంపెనీ వాళ్లమ్మా. నేను బాగానే ఉన్నాను, నువ్వు కాస్త పడుకో," అంది వసుధ చీర అంచుతో ముఖం తుడుచుకుని, నవ్వి.

అత్తయ్యగారు తల పక్కకి వంచి కూతురి ముఖం కాసేపు చూశారు. నుదుటి మీద పట్టీ విప్పి నా చేతికిచ్చారు.

"నీకు నటన రాదే వసూ. ఇలా వచ్చి కూర్చుని, ఏం జరిగిందో చెప్పు."

వసుధ వెళ్లి ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది. మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.